నడుంనొప్పికి మంచం మందు కాదు

కొన్నేళ్ళ క్రితం మా నాన్నగారు గ్యాస్ బండ జరపడానికి వంగి, మళ్ళీ నిటారుగా లేవలేకపోయారు. నడుము పట్టేసింది. ఇంటిల్లిపాదీ కంగారుపడి ఆయనను మంచం మీద పడుకోబెట్టాము. మూడు వారాలపాటు భోజనం, మందులు అన్నీ మంచం దగ్గరికే అందించాము. ఆయన లేవబోతే "కదలకండి నాన్నా" అని వారించాము. అదంతా ప్రేమతో చేసిన సేవే. కాని మూడు వారాల తర్వాత నొప్పి అలాగే ఉంది. పైగా వాకిలి దాకా నడవాలన్నా ఆయనకు భయం పట్టుకుంది. మా సేవే ఆయన కోలుకోవడాన్ని ఆలస్యం చేసిందని వైద్యులు చెప్పిన తర్వాతగాని మాకు తెలిసిరాలేదు.

ఇదే పొరపాటు మరో ఇంట్లో జరగకూడదన్న ఉద్దేశంతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

నొప్పి ఎక్కడిది?

నడుము భాగంలో 5 వెన్నుపూసలు ఉంటాయి. వాటి మధ్య మెత్తల్లాంటి డిస్కులు, చుట్టూ బలమైన కండరాలు, అక్కడి నుండి కాళ్ళలోకి దిగే నరాలు ఉంటాయి. వీటిలో ఫలానా చోటే లోపం ఉందని వేలుపెట్టి చూపగలిగేది చాలా తక్కువ మందిలోనే. నడుంనొప్పి వచ్చిన పదిమందిలో దాదాపు తొమ్మిది మందికి అలాంటి నిర్దిష్ట కారణం కనబడదు. ఈ మాట వింటే కొందరు దిగులుపడతారు. నిజానికి ఇది ఊరట కలిగించే విషయం. నొప్పి తీవ్రంగా ఉన్నా, లోపల ప్రమాదకరమైన జబ్బేదీ లేదని దాని అర్థం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో 61.9 కోట్ల మంది నడుంనొప్పితో బాధపడ్డారు. వారిలో పురుషులకన్నా స్త్రీలే ఎక్కువ.

స్కానింగ్ చూసి బెదరవద్దు

ఎమ్మారై రిపోర్టులో "డిస్కు అరిగింది" అన్న మాట చదవగానే చాలామంది గుండె జారిపోతుంది. అయితే ఏ నొప్పీ లేనివారి స్కానింగులను పరిశీలించిన అధ్యయనాలను 2015లో ఒకచోట చేర్చి చూశారు. 20 ఏళ్ళ వయసువారిలో 37 శాతం మందికి, 80 ఏళ్ళవారిలో 96 శాతం మందికి డిస్కుల అరుగుదల కనిపించింది. వయసుతోపాటు జుట్టు నెరిసినట్లే ఇదీను. అందువల్ల ప్రమాద సూచనలు లేనప్పుడు మొదటి కొద్ది వారాల్లో స్కానింగ్ అవసరం ఉండదు.

మన ఇళ్ళలో మరొక నమ్మకం కూడా ఉంది. కాన్పు సమయంలో వెన్నుకు ఇచ్చిన మత్తు సూదివల్లే ఏళ్ళ తరబడి నడుంనొప్పి వస్తోందని తల్లులు అనుకుంటారు. సూది వేసిన చోట కొన్నాళ్ళు నొప్పి ఉండవచ్చు. దీర్ఘకాలపు నొప్పికి మాత్రం ఆ సూది కారణం కాదని పరిశోధనలు చెబుతున్నాయి. గర్భంతో సడలిన పొట్ట, నడుము కండరాలు, ఆపై బిడ్డను ఎత్తుకోవడం, తీరిక లేని ఇంటిపని ఇందుకు ఎక్కువగా కారణమవుతాయి.

కదలికే చికిత్స

ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో నగరపాలక ఉద్యోగులపై జరిగిన అధ్యయనం 1995లో వెలువడింది. నడుము పట్టేసినవారిలో కొందరికి రెండు రోజుల పడక విశ్రాంతి, కొందరికి వ్యాయామాలు సూచించారు. మిగిలినవారిని ఓర్చుకోగలిగినంత మేరకు రోజువారీ పనులు చేసుకొమ్మన్నారు. అందరికన్నా త్వరగా కోలుకున్నది ఈ మూడో వర్గమే.

కనుక నొప్పి ఎక్కువగా ఉన్న మొదటి ఒకటి రెండు రోజులు కాసేపు పడుకున్నా, మధ్యమధ్య లేచి ఇంట్లోనే నాలుగడుగులు వేయాలి. వేడి కాపడం ఉపశమనం ఇస్తుంది. చాలామందికి ఆరు వారాల్లో నొప్పి బాగా తగ్గుతుంది. కాలిలోకి కరెంటు షాకులా పాకే నొప్పి కూడా ఎక్కువమందిలో ఆపరేషన్ లేకుండానే క్రమంగా నెమ్మదిస్తుంది.

నొప్పి బిళ్ళలను మెడికల్ షాపులో కొని నెలల తరబడి మింగడం మూత్రపిండాలకు, కడుపుకు చేటు. రక్తపోటు, మూత్రపిండాల జబ్బు, అల్సర్ ఉన్నవారు, గర్భిణులు వైద్యుని అడగకుండా వాటిని వాడరాదు. దీర్ఘకాలపు నడుంనొప్పికి బెల్టులు, ట్రాక్షన్ సాధారణ చికిత్సగా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది.

నొప్పి తగ్గాక మళ్ళీ రాకుండా చూసుకోవడానికి నడకను మించిన సులువైన మార్గం లేదు. ఆస్ట్రేలియాలో చేసిన పరిశోధన ఫలితాలు 2024లో వచ్చాయి. క్రమంగా పెంచుకుంటూ నడిచినవారికి నొప్పి తిరగబెట్టడానికి సగటున 208 రోజులు పట్టగా, నడవనివారికి 112 రోజులే పట్టింది. గంటల తరబడి మిషన్ కుట్టేవారు, ఆటో నడిపేవారు అరగంటకొకసారి లేచి ఒళ్ళు విరుచుకోవాలి.

నమాజు విషయంలో

నొప్పితో పళ్ళు బిగబట్టి రుకూ, సజ్దాలు చేసే పెద్దలను చూస్తుంటాము. నిలబడలేనివారు కూర్చొని, అదీ వీలుకాకపోతే పక్కకు ఒత్తిగిలి నమాజు చేయవచ్చని దైవప్రవక్త (స) స్వయంగా అనుమతించారు. ఆ వెసులుబాటును వాడుకోవడానికి సంకోచించనక్కరలేదు. నొప్పి తగ్గుతున్న కొద్దీ నెమ్మదిగా మామూలు పద్ధతికి రావచ్చు.

ఎప్పుడు ఆలస్యం చేయరాదు?

మూత్రం ఆగిపోవడం లేదా మలమూత్రాలపై అదుపు తప్పడం, తొడల మధ్య మొద్దుబారడం, కాళ్ళు బలహీనపడటం కనిపిస్తే గంటల్లోనే ఆసుపత్రికి చేరాలి. సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం తోడైతే వెన్నెముక క్షయ కావచ్చు. మన దేశంలో ఇది అరుదు కాదు. పడిపోయిన తర్వాత వృద్ధులకు వచ్చే నొప్పిని, గతంలో క్యాన్సర్ ఉన్నవారి నొప్పిని, రాత్రి నిద్రలోనూ వదలని నొప్పిని వైద్యునికి తప్పక చూపించాలి.

చివరిగా ఒక మాట. నాన్నగారికి మేము సేవ చేసిన ఆ మూడు వారాలు అమ్మకూ నడుంనొప్పి ఉందట. నీళ్ళ బిందెలు మోస్తూనే, వంగి ఊడుస్తూనే ఆమె ఎవరికీ చెప్పలేదు. ఒకరిని అసలు కదలనివ్వలేదు, మరొకరిని కాసేపు కూర్చోనివ్వలేదు. నడుముకు ఈ రెండూ మంచివి కావు. ఇప్పుడు మా ఇంట్లో బిందెలు మోసేది మేమే. అమ్మా నాన్నలిద్దరూ ఫజ్ర్ నమాజు తర్వాత కలిసి నడకకు వెళుతున్నారు.