చాపకూడు సీమలో సైకిల్ బాటసారి

గురజాల దాటి మాచర్ల వెళ్లే రోడ్డు. టీకొట్టు ముందు ఓ సైకిల్ ఆగిందనుకోండి. క్యారియర్‌కి రెండు సంచులు, హ్యాండిల్‌కి నీళ్ల సీసా. మనిషిని చూస్తే మనవైపు వాడు కాదు. బెంచీ మీద కూర్చున్న పెద్దాయన అడిగే మొదటి ప్రశ్న... 'ఏ ఊరు బాబూ?' రెండోది... 'ఎందాకా?' అసలు సంగతంతా మూడో ప్రశ్నలోనే ఉంది. అది 'భోంచేశావా?' కావచ్చు. 'మీరేమిట్లు?' అని కులం ఆరా తీయడమూ కావచ్చు!

ఆగితేనే ప్రయాణం

నరసరావుపేటలో బయల్దేరి నకరికల్లు, పిడుగురాళ్ల, దాచేపల్లి, గురజాల, రెంటచింతల మీదుగా మాచర్ల చేరడం బస్సులో అయితే ఓ పూట పని. సైకిల్ మీద అయితే తెల్లారకముందే బయల్దేరినా పొద్దు వాలుతుంది. నాగార్జునసాగర్ ఇక మర్నాటి మాటే. పిడుగురాళ్ల సున్నపు బట్టీల దుమ్ము, ఏటా వేసవిలో వార్తలకెక్కే రెంటచింతల ఎండ... బస్సు కిటికీలోంచి చూస్తే ఇవన్నీ వెనక్కి పరుగెత్తే దృశ్యాలు. సైకిల్ తొక్కేవాడికి అలా కాదు. మంచినీళ్లకి ఆగాలి. గాలి కొట్టించుకోవాలి. పంక్చరైతే దిగాలి. ఆగిన ప్రతిచోటా ఓ కొత్త మనిషి. కారుకి పెట్రోలు చాలు. సైకిల్‌కి మనుషులు కావాలి!

బొమ్మకో ముద్ద

ఆ మాటకు నిలువెత్తు సాక్ష్యం మన పొరుగునే ఉన్న ఒడిశాలో పుట్టిన ప్రద్యుమ్న కుమార్ మహానందియా. దళిత కుటుంబం. బడిలో తోటిపిల్లలతో కలిసి కూర్చోనివ్వలేదు. బొమ్మలంటే ఇష్టంతో ఢిల్లీ వెళ్లి చిత్రకళ నేర్చుకున్నాడు. కన్నాట్‌ప్లేస్‌లో దారినపోయేవాళ్ల బొమ్మలు గీస్తూ పొట్టపోసుకునేవాడు. 1975 డిసెంబరులో స్వీడన్ అమ్మాయి షార్లెట్ అతనితో బొమ్మ గీయించుకుంది. పరిచయం ప్రేమైంది. ఆమె తన దేశానికి తిరిగి వెళ్లింది. విమానం ఖర్చు ఇస్తానంటే అతను వద్దన్నాడు. ఉన్నదంతా అమ్మేసి పాత సైకిల్ కొన్నాడు.

1977 జనవరిలో ఢిల్లీలో బయల్దేరాడు. అఫ్గానిస్థాన్, ఇరాన్, టర్కీ... రోజుకు 70 కిలోమీటర్ల దాకా తొక్కేవాడు. జేబులో పెద్దగా డబ్బుల్లేవు. చేతిలో విద్య ఉంది. ఎదురైనవాళ్ల బొమ్మ గీస్తే అన్నం పెట్టేవారు, పడుకోవడానికి చోటిచ్చేవారు. చివరి అంచె రైల్లో సాగింది. మే నెలాఖరుకి స్వీడన్ చేరాడు. షార్లెట్‌తో పెళ్లయింది. అక్కడే చిత్రకళ నేర్పే మాస్టారయ్యాడు. ఈ కథను ప్రపంచమంతా ప్రేమకథగా చెప్పుకుంటుంది. ఇంకోటీ ఉంది అందులో. సొంతగడ్డ మీద పక్కన కూర్చోనివ్వని పిల్లాడికి, పరాయిదేశాల్లో భాష తెలియనివాళ్లు కంచం పెట్టారు!

ఆడపిల్ల ఒంటరిగా...

మధ్యప్రదేశ్‌కు చెందిన ఆశా మాలవీయది మరో పంతం. ఆడపిల్ల ఒంటరిగా దేశం చుట్టి రాగలదని చూపించాలి. 2022 నవంబరులో భోపాల్‌లో సైకిలెక్కింది. 2023 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్‌కూ వచ్చింది. అలాంటి అమ్మాయి చీకటిపడే వేళ మీ వాకిట్లో ఆగి, 'అక్కా, ఈ రాత్రికి ఇక్కడ పడుకోవచ్చా?' అంటే ఏం చేస్తారు? నమ్మకం ఆ పిల్లది. పరీక్ష మనది.

కొత్తేం కాదు

పల్నాడంటే బయటివాళ్లకు గుర్తొచ్చేవి కోడిపోరు, కత్తులు, పౌరుషం. కానీ 12వ శతాబ్దంలో బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనూ ఒకే బంతిన కూర్చోబెట్టిన చాపకూడూ ఈ నేలదే. కారంపూడిలో కార్తీక అమావాస్యకు మొదలయ్యే అయిదు రోజుల వీరుల ఉత్సవాల్లో ఆ సంప్రదాయాన్ని ఇప్పటికీ తలచుకుంటారు. ఇంకా వెనక్కి వెళితే ఇక్ష్వాకుల కాలం. నాగార్జునకొండలో 'సింహళ విహారం' ఉండేదని అక్కడి శాసనమే చెబుతోంది. సముద్రం దాటి వచ్చినవారి పేరుతో ఇక్కడో విహారం వెలిసిందన్నమాట!

మీకూ ఆ దారిన సైకిల్ తొక్కాలనుందా? కార్తీకం నుంచి మాఘం దాకా వాతావరణం బాగుంటుంది. అదనపు ట్యూబు, పంపు, పంక్చరు సామాను వెంట ఉంచుకోండి. ఎండెక్కేలోపే సగం దూరం లాగించేయండి. రాత్రి ఎక్కడ ఆగేదీ ఇంట్లో చెప్పి వెళ్లండి. అన్నిటికన్నా ముఖ్యం... టీకొట్టు కనిపిస్తే ఆగండి.

తొక్కే ఓపిక లేదా? ఫర్వాలేదు. ఈసారి మీ ఊళ్లో సంచులు కట్టిన సైకిల్ కనిపిస్తే చాలు. మూడో ప్రశ్న మీరే ముందు అడిగేయండి.

'భోంచేశావా బాబూ?'