నర్సరీ నారు మన మేడ మీద ఎందుకు తల వాలుస్తుంది? మొదటి పది రోజుల సంగతి

ఇవాళ నారు గురించి మాట్లాడుకుందాం. నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఇది: "నర్సరీలో పచ్చగా ఉన్న టమాటా నారు, మా ఇంటికొచ్చిన నాలుగు రోజులకే ఎందుకు వాడిపోయింది?" అంతే, "మన చెయ్యి మంచిది కాదులే" అనుకుని కుండీలు మూలన పడేస్తారు. మీ చెయ్యి మంచిదేనండీ. అసలు ఏం జరుగుతుందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

నర్సరీలో నారు షేడ్ నెట్ కింద, తేమలో, నీడపట్టున పెరుగుతుంది. మనం తీసుకొచ్చి మిట్టమధ్యాహ్నం ఎండలో పెడతాం. పీకి నాటేటప్పుడు సన్నటి వేర్లు తెగుతాయి. ఆకుల్లోంచి నీరు ఆవిరైపోతూనే ఉంటుంది, తెగిన వేర్లు అంత నీరు అందించలేవు. అందుకే మొక్క తల వాలుస్తుంది.

ముందు ఏది నారు పోయాలి, ఏది విత్తనం పెట్టాలి అన్నది చూద్దాం. టమాటా, వంకాయ, మిర్చి, క్యాబేజీ, కాలీఫ్లవర్‌కి నారు కావాలి. బెండ, చిక్కుడు, బీర, సొర, ముల్లంగి, క్యారెట్ మాత్రం నేరుగా కుండీలోనే విత్తేయండి. వాటి వేర్లని కదిలిస్తే ఒప్పుకోవు.

కొనేటప్పుడు పొడుగ్గా ఉన్నదాన్ని చూసి మోసపోవద్దు. పొట్టిగా, కాండం గట్టిగా ఉన్నదే మంచి నారు. టమాటాకి సుమారు 25 రోజులు, వంకాయకి 30-35, మిర్చికి 35-40 రోజుల వయసు సరిపోతుంది. అప్పటికే పూత వచ్చిన నారు వద్దు. ఆకు తిరగేసి చూడండి, తెల్లదోమ లేచి ఎగిరితే ఆ ట్రే అక్కడే వదిలేయండి. వీలైతే ట్రేల్లో పెంచిన నారే తీసుకోండి. మట్టిముద్దతో సహా వస్తుంది కాబట్టి వేర్లు తక్కువ తెగుతాయి.

ఇంటికి తేగానే నాటేయకండి. మొదటి రోజు పొద్దుటి ఎండ ఓ రెండు గంటలు చాలు. రోజూ కొంచెం కొంచెం పెంచుతూ నాలుగైదు రోజులు అలవాటు చేయండి.

ఈలోగా కుండీ సిద్ధం చేసుకోండి. నేను వాడే లెక్క: ఎర్రమట్టి రెండు పాళ్లు, వర్మీకంపోస్ట్ ఒక పాలు, కోకోపీట్ ఒక పాలు, గుప్పెడు వేపపిండి. అడుగున నీళ్లు పోయే రంధ్రం తప్పనిసరి. టమాటా, వంకాయకి 15 లీటర్ల కుండీ ఉంటే హాయి. తడిసిన మట్టితో ఒక్కోటీ 15 కిలోలకు పైనే తూగుతుంది. కాబట్టి అన్నీ స్లాబ్ మధ్యలో గుట్టగా పెట్టకుండా గోడల వెంట సర్దండి. అద్దె ఇల్లయితే ఓనర్ని ముందే అడగండి, తర్వాత గొడవ ఉండదు.

నాటేది సాయంత్రమే. ముందు ట్రేని తడపండి, మట్టిముద్ద చెదరకుండా తీయండి. టమాటాని కింది ఆకులు తుంచేసి కాండం లోతుగా పాతండి, ఆ కాండం నుంచే కొత్త వేర్లు వస్తాయి. వంకాయ, మిర్చి మాత్రం ట్రేలో ఎంత లోతులో ఉన్నాయో అంతే. ఊతకర్ర అప్పుడే గుచ్చేయండి, తర్వాత గుచ్చితే వేర్లు తెగుతాయి. మూడు రోజులు పాత చీరో, నెట్టో కట్టి నీడ ఇవ్వండి.

ఇప్పుడు అసలు పరీక్ష. మధ్యాహ్నం వాడి, సాయంత్రానికి తేరుకుంటే కంగారు పడక్కర్లేదు. పొద్దున్నే కూడా వాలిపోయి ఉంటే మట్టిలో వేలు పెట్టి చూడండి. పొడిగా ఉంటే నీళ్లు పోయండి. తడిగా ఉండి, కాండం మొదలు నల్లబడి మెత్తగా ఉంటే అది కుళ్లు తెగులు. నీళ్లు ఎక్కువైతేనే ఇది ముదురుతుంది. చాలామంది ఇక్కడే ఇంకో చెంబు పోసి మొక్కని చంపేస్తారు! ఆ మొక్క తీసేయండి, మిగతావాటికి నీళ్లు తగ్గించండి. మొదటి వారం ఏ ఎరువూ వద్దు. పది రోజులకి కొత్త చిగురు కనిపిస్తే వేర్లు పట్టుకున్నట్టే, అప్పుడు గుప్పెడు వర్మీకంపోస్ట్ వేయండి.

మిర్చి ఆకు పైకి ముడుచుకుంటే సాధారణంగా తామర పురుగులు, కిందికి ముడుచుకుంటే నల్లి. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి సాయంత్రం ఆకుల అడుగున కొట్టండి.

ఇంకో మాట, కాలం కూడా చూసుకోవాలి. మన ఎండాకాలంలో 38 డిగ్రీలు దాటితే టమాటా పూత రాలిపోతుంది. కొత్తవాళ్లకి సెప్టెంబర్, అక్టోబర్ నెలలు అనుకూలం. నాటిన రెండు, రెండున్నర నెలలకి కాయ కోసుకోవచ్చు.

ఒకేసారి ఇరవై కుండీలు వద్దు. రెండు టమాటా, ఒక వంకాయ, రెండు మిర్చితో మొదలెట్టండి. మార్కెట్లో టమాటా ధర ఆకాశానికి ఎక్కిన రోజు, మందు కొట్టని నాలుగు కాయలు మీ మేడ మీదే ఉంటాయి. పది రోజులు ఓపిక పట్టండి చాలు.