గ్రాము బొగ్గులో 150 అంకణాలు!

● నెల్లూరులో స్థలాన్ని అంకణాల్లో కొలుస్తాం, అంకణమంటే 72 చదరపు అడుగులు. ఒక్క గ్రాము యాక్టివేటెడ్ చార్‌కోల్‌లో కంటికి కనపడని రంధ్రాల గోడలన్నీ పరిచి కొలిస్తే సుమారు 150 అంకణాలు తేలుతుంది. విషమైనా, రంగైనా, వాసనైనా వచ్చి అంటుకునేది ఆ గోడలకే.

● కొబ్బరి చిప్పల్ని బొగ్గు చేసి, మళ్లీ 800 నుంచి 1000 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఆవిరి పట్టిస్తే ఈ రంధ్రాలు విచ్చుకుంటాయి. సర్కారు తుమ్మ కాల్చి తీసే పొయ్యి బొగ్గుకు ఈ రెండో దశ లేదు. దాన్ని నూరి మందుగా మింగకండి.

● మన తీరంలోని రొయ్యల హేచరీలకూ ఇదే అండ. సముద్రపు నీటిని క్లోరిన్‌తో శుద్ధి చేశాక, ఆ క్లోరిన్ కాస్త మిగిలినా పిల్ల బతకదు. కార్బన్ ఫిల్టర్ దాన్ని తీసేస్తుంది. నమూనా నీటిలో పరీక్ష మందు చుక్కలు వేసినప్పుడు పసుపు రంగు తేలితే క్లోరిన్ ఇంకా ఉన్నట్టే.

● ఉప్పు మాత్రం దీనికి చిక్కదు. బోరు నీటి ఉప్పదనం పోవాలంటే ఆర్వో ఉండాల్సిందే. కార్బన్ గోడలు నిండిపోతే ఫిల్టర్ పనిచేయదు, పైగా క్రిములు చేరతాయి. గడువుకు మార్చాలి.

● 1831లో ఫ్రెంచి ఫార్మసిస్టు తువరీ, ముష్టి గింజల్లో ఉండే స్ట్రిక్‌నిన్‌ను ప్రాణం తీసే మోతాదుకు పదింతలు బొగ్గుపొడితో కలిపి అందరి ముందూ మింగి బతికాడని చెబుతారు. ఎవరూ చేయకూడని సాహసం!

● మంచీ చెడూ ఎంచడం బొగ్గుకు తెలియదు. ‘ఒళ్లు శుభ్రమవుతుంది’ అని రోజూ తాగితే, వేసుకున్న మందుల్నీ పట్టేసుకుంటుంది. గర్భనిరోధక మాత్రలు వాడేవారు మరీ జాగ్రత్త. బొగ్గు పేస్టుతో గట్టిగా తోమితే పంటి ఎనామెల్ అరుగుతుంది. అరిగింది తిరిగి రాదు.

● విషం మింగిన గంటలోపు ఆసుపత్రిలో ఇస్తేనే దీని మేలు ఎక్కువ. పెద్దలకు సాధారణంగా 50 గ్రాములు. కిరసనాయిలు, యాసిడ్, సారా, ఐరన్ మాత్రలు మింగినవారికి ఇది పనికిరాదు. పాముకాటుకు అసలే కాదు. మగతలో ఉన్నవారికి తాగిస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికొస్తుంది. అందుకే ఇంట్లో ఏదీ తాగించకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. పురుగుమందు డబ్బా వెంట తీసుకెళ్లండి. బొగ్గు ఇవ్వాలో వద్దో దాన్ని చూసి డాక్టరు తేలుస్తారు.