పెద్దల నోట తిట్లకు మతిమరుపు జబ్బు కారణం కావచ్చు
ఎదురు చెప్పకుండా ఓర్పుగా మెలగడమే మేలు

నగరి: "నా డబ్బు దొంగిలించినావు", "నాకు కూడు పెట్టకుండా మాడుస్తా ఉండావు", "నువ్వెవరు? నా ఇంట్లో నుంచి పో". ఏళ్ళ తరబడి తనకు సేవ చేస్తున్న కోడలిని ముసలి అత్త వీధి వినేటట్లు ఇలా తిడితే ఆ ఇంటి గతి ఏమిటి? ఇరుగుపొరుగువారు కోడలినే అనుమానిస్తారు. కొడుకు ఎటూ చెప్పలేక సతమతమవుతాడు. అన్నదమ్ముల మధ్య మాటలు పడిపోతాయి. తిట్టిన పెద్దామె మాత్రం గంట గడిచేసరికి ఆ సంగతే మరచిపోతుంది.

ఇది చాలా వరకు స్వభావ దోషం కాదు. మెదడుకు వచ్చే జబ్బు. వైద్యులు దీన్ని డిమెన్షియా అంటారు. ఇది పట్నవాసుల జబ్బు అనుకుంటే పొరపాటే. మన దేశంలో 60 ఏళ్ళు పైబడిన వారిలో నూటికి 7.4 మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి ఈ జబ్బు ఉన్నట్లు 2023లో వెలువడిన ఒక పరిశోధన అంచనా వేసింది. పట్టణాలలో కన్నా పల్లెలలో, పురుషులలో కన్నా స్త్రీలలో ఇది ఎక్కువని తేలింది.

తిట్లు ఎందుకు?

కోపాన్ని అదుపులో పెట్టే శక్తి మెదడు ముందు భాగంలో ఉంటుంది. జబ్బు అక్కడికి పాకితే నోటికి కళ్ళెం ఉండదు. పెద్దామె డబ్బు తానే తలగడ కింద దాచి, దాచిన సంగతి మరచిపోతుంది. కనపడని డబ్బును ఎవరో తీశారని మనసు తేల్చుకుంటుంది. ఎప్పుడూ ఎదురుగా ఉండేది కోడలు గనుక నింద ఆమె మీదనే పడుతుంది.

ఈ జబ్బులలో ముఖ్యమైన దాన్ని జర్మనీ వైద్యుడు అల్జీమర్ 1906లో లోకానికి తెలిపాడు. ఆయన పరీక్షించిన ఆగస్టె డేటర్ అనే స్త్రీకి తొలి రోజులలో కనిపించిన గుర్తు మగని మీద అనుమానమే. ఆసుపత్రిలో ఆమె కేకలు కూడా పెట్టేది.

వాదన వద్దు

"ఇప్పుడే తిన్నావు కదా!" అంటే గొడవ పెరుగుతుంది. ఆమెకు ఆ సంగతి నిజంగానే గుర్తులేదు. "ఆకలేస్తా ఉందా అత్తా? ఉండు, మజ్జిగ తెస్తా" అంటే చల్లబడవచ్చు. డబ్బు పోయిందంటే "రా, ఇద్దరం వెతుకుదాం" అనాలి. దాచే చోట్లు రెండు మూడు తెలుసుకుని ఉంచుకుంటే మంచిది.

వెనుక నుంచి వచ్చి చేయి పట్టరాదు. ఎదురుగా వచ్చి, పేరు చెప్పి, మెల్లగా మాట్లాడాలి. నలుగురూ ఒకేసారి మాట్లాడరాదు. పొద్దు గుంకే వేళ చికాకు ఎక్కువ కావడం కద్దు. ఆ వేళకు ముందే దీపం వెయ్యాలి. మరమగ్గాల ఇళ్ళలో మగ్గం చప్పుడుకు దూరంగా మంచం వెయ్యడం మంచిది. చేయి చేసుకోబోతే రెండడుగులు వెనక్కు తగ్గాలి. కత్తి, కొడవలి అందకుండా ఉంచాలి.

నగరి ప్రాంతంలో తెలుగు, తమిళం రెండూ మాట్లాడేవారు ఎక్కువ. ఇది ఒక మేలే. హైదరాబాదు నిమ్స్‌లో 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, రెండు భాషలు వచ్చిన వారికి జబ్బు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా వచ్చింది. జబ్బు ముదిరాక చిన్ననాటి భాషే ఎక్కువగా మిగలవచ్చు. ఇంట్లో తమిళంలో పెరిగిన అవ్వతో తమిళంలోనే మాట్లాడితే ఆమెకు భయం తగ్గుతుంది.

ఉన్నట్టుండి ఎక్కువైతే

నిన్నటి దాకా నెమ్మదిగా ఉన్న మనిషి రెండు మూడు రోజులలో తిట్లకు దిగితే వెంటనే డాక్టరుకు చూపాలి. మూత్రంలో చీము, మలబద్ధకం, పంటినొప్పి, ఎండలో నీళ్ళు చాలకపోవడం, కొత్తగా వేసిన మాత్రలు, చక్కెర వ్యాధి ఉన్నవారికి చక్కెర పడిపోవడం కారణం కావచ్చు. నొప్పి అని చెప్పలేనివారు కోపంగా చెబుతారు. థైరాయిడ్, బి12 లోపం వల్ల వచ్చే మతిమరుపు మందులతో తగ్గవచ్చు కూడా. అందుకే ముందు నగరి ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించి, అవసరమైతే తిరుపతి రుయా, స్విమ్స్‌కు గాని, వేలూరు సి.ఎం.సి.కి గాని తీసుకుపోవచ్చు.

మందుల షాపులో అడిగి నిద్రమాత్రలు మింగించరాదు. ముసలివారు తూలిపడి తుంటి ఎముక విరగవచ్చు. గాలి సోకిందని వేపమండలతో కొట్టించడం, మంచానికి కట్టడం రోగిని మరింత బెదరగొట్టడమే.

సేవ చేసేవారి మాట

జబ్బును పూర్తిగా నయం చేసే మందు ఇంతవరకు లేదు. ఏళ్ళ తరబడి సాగే ఈ సేవ ఒక్క మనిషి మీదనే పడరాదు. కొడుకులు, కూతుళ్ళు వంతులు వేసుకోవాలి. తిట్లు జబ్బు వల్లనేనని తెలిసినా మనసుకు గుచ్చుకోక మానవు. కోపం పట్టలేకపోతే పెద్దామెకు హాని లేకుండా చూసి, పది నిమిషాలు బయటకు పోయి రావడం తప్పు కాదు. మనసు బాగాలేనప్పుడు 14416కు ఫోన్ చేస్తే తెలుగులో ఉచితంగా సలహా చెబుతారు. పెద్దల సమస్యలకు 14567 ఉంది.

ఇరుగుపొరుగుకు కూడా ఇందులో బాధ్యత ఉంది. గోడ అవతల తిట్లు విని కోడలి మీద తీర్పు చెప్పేకంటే, ఒక పూట ఆ పెద్దామె దగ్గర కూర్చుంటే కోడలికి కాస్త కునుకు తీసే వీలు కలుగుతుంది.