కుట్టుయంత్రముల వారు చేసిన బ్రేకు వాల్వులు

కుట్టుయంత్రములు చేయు సంస్థవారు మోటారుకారు బ్రేకునకు వాల్వులు చేసిరన్న వింతగా తోచును. జపానులో ఇది జరిగినది.

1997 ఫిబ్రవరి 1వ తేది తెల్లవారుజామున కరియ పట్టణమందు ఐసిన్ సంస్థవారి కర్మాగార మొకటి అగ్నిపాలయ్యెను. టొయోటా కారుల వెనుక చక్రములు జారకుండ బ్రేకు ఒత్తిడిని సరిపరచు వాల్వులు దాదాపు అన్నియు అచ్చటనే తయారగుచుండెను. అరచేత నిముడు వస్తువే. కాని అది లేనిదే కారు వెలువడదు. సరకు నిలువ యుంచుట వృథావ్యయమని టొయోటావారి మతము. నెలసరకు ముందే కొనిపెట్టుకొను మన యిల్లాండ్రకు ఈ పద్ధతి రుచింపదేమో! కొలది దినములలోనే వారి కర్మాగారములు చాలవరకు నిలిచిపోయెను. పెద్ద సంస్థ యాగినచో దానికి భాగములు చేసియిచ్చు చిన్నవారికిని పని యుండదు గదా.

ఐసిన్ నాయకులు ఆ యుదయముననే అత్యవసర సంఘము నేర్పరచి, తమ వాల్వుల పటములను దాచుకొనక కోరినవారి కెల్ల నిచ్చిరి. ప్రత్యేకపు పనిముట్లు కాలిపోయినవి గనుక ఎవరికున్న యంత్రములతో వారు, తమకు తోచిన విధమున చేయవలసి వచ్చెను. పైనుండి అదలించుటకంటె, పటము చేతికిచ్చి మీకు తోచినట్లు చేయుడనుటకే గుండెదిటవు ఎక్కువ కావలెనని మా తలంపు. ధర యెంత, నష్ట మెవరిది యను బేరము అప్పుడు పుట్టలేదు. 60కి పైగా సంస్థలు పూనుకొనెను. కారు భాగముల పని యెరుగని బ్రదర్ అను కుట్టుయంత్రముల సంస్థయు అందులో నొకటి.

నాలుగు దినములలో తొలి వాల్వులు చేతికందెను. పది దినములలోపల కారుల పని మరల సాగెను. లెక్కలు పిమ్మట చూచుకొనిరి. వాల్వులు చేసిన వారి ఖర్చులు ఐసిన్ చెల్లించెను. టొయోటాయు తన సరఫరాదారులకు వేరుగా సొమ్ము పంచెను.