నగరమునకు కావలికాండ్రు

కిలోకు 20 గ్రాములు తక్కువగా తూచు వర్తకుడు దినమునకు 100 కిలోల సరకు అమ్మినచో 2 కిలోలు అపహరించినట్లే. నెలకు అది 60 కిలోలగును. కొన్నవారికి ఆ నష్టము తెలియదు. తెలిసినను 20 గ్రాములకై ఎవరును న్యాయస్థానమున కెక్కరు. పని చేయించుకొని కూలిలో కొంత కోసికొను యజమానునిపై బీదకూలివాడు వ్యాజ్యము వేయజాలడు. ఇట్టివారి పక్షమున నిలిచి అడుగుటయే వృత్తిగాగల ఉద్యోగులు కొందరు కలరు. వారిని గూర్చి తెలిసికొందము.

అమెరికాదేశమున న్యూయార్కు నగరపాలనమునందు 1969వ సంవత్సరమున వినియోగదారుల వ్యవహారశాఖ ఏర్పడెను. దాని మొదటి కమీషనరు బెస్ మయర్సన్ అను మహిళ. తరువాతి కాలమున కార్మికరక్షణ భారము కూడ ఆ శాఖకు సంక్రమించెను. అందుచే నేడది 'వినియోగదారుల, కార్మికుల రక్షణశాఖ' యని పిలువబడుచున్నది.

ఇందలి ఉద్యోగములు పెక్కు విధములు. తనిఖీ అధికారులు అంగళ్లకు స్వయముగా పోయి త్రాసులను, పెట్రోలు పంపులను పరీక్షింతురు. ధరలు స్పష్టముగా ప్రకటింపబడినవో లేవో, లైసెన్సు కలదో లేదో చూతురు. మధ్యవర్తులు కొన్నవాని ఫిర్యాదును, అమ్మినవాని సమాధానమును విని, వివాదమును సామరస్యముగా తీర్ప యత్నింతురు. అట్లు తీరని వ్యవహారములను, చట్టోల్లంఘనములను న్యాయవాదులు విచారణకు తెత్తురు. ఋణభారముచే క్రుంగినవారికి ఉచితముగా సలహా చెప్పు కేంద్రములను కూడ ఈ శాఖ ఏర్పాటు చేసినది.

కార్మికుల ఫిర్యాదులను పరిశోధించువారి పని మిక్కిలి ఓర్పుతో కూడినది. అస్వస్థుడైన కార్మికునికి సెలవు పొందు హక్కు 2014లోను, ఫాస్ట్‌ఫుడ్ దుకాణముల పనివారికి తమ పనివేళలను 14 దినములు ముందుగా తెలిసికొను హక్కు 2017లోను అమలులోనికి వచ్చెను. ఇండ్లకు ఆహారము చేరవేయువారికి కనీస వేతనము 2023లో లభించెను. ఈ హక్కులు కాగితముపై నుండిన చాలదు. హాజరుపట్టీలను, జీతపు లెక్కలను వరుసవరుసగా సరిచూచి, ఎగవేసిన సొమ్మును తేల్చువాడు కావలెను. భయముచే మాటాడని కార్మికునికి ధైర్యము చెప్పి నిజము రాబట్టవలెను. నానాదేశములవారు నివసించు ఆ నగరమున అనేక భాషలెరిగినవాడు ఈ పనికి మిగుల ఉపయోగపడును.

న్యూయార్కు రాష్ట్ర రాజ్యాంగము ప్రభుత్వోద్యోగములను యోగ్యతనుబట్టి, సాధ్యమైనంతవరకు పోటీపరీక్షల మూలమున నీయవలెనని విధించుచున్నది. సిఫారసుతో వచ్చినవాడు సిఫారసునకు లొంగునుగదా!

మనరాష్ట్రములందు ఇట్టి పనులను తూనికలు కొలతల శాఖ, కార్మికశాఖ వేరువేరుగా నిర్వహించుచున్నవి. వినియోగదారుల తగవులను 2019వ సంవత్సరపు చట్టము ననుసరించి కమిషన్లు విచారించును.

విద్యార్థులారా! లెక్కలు, చట్టజ్ఞానము, మృదుభాషణము ఈ ఉద్యోగములకు అవసరములు. కాని ఇవన్నియు నుండియు లంచమునకు చేయిచాచినచో, వర్తకుని దొంగత్రాసుకంటె ఆ అధికారి సంతకమే ఎక్కువ హాని చేయును. త్రాసును పరీక్షించువాడు ముందుగా తాను సరితూగవలెను.