ఫ్యాటీ లివర్ ఉన్నవారికి నిద్ర ఎందుకు ముఖ్యం?

పొట్ట స్కానింగ్ రిపోర్టులో "ఫ్యాటీ లివర్" అని చూడగానే కొందరు హడలిపోతారు. మరికొందరు "ఇది అందరికీ ఉన్నదే" అని రిపోర్టును బీరువాలో పడేస్తారు. ఈ రెండూ సరికాదు. ఇది సకాలంలో శ్రద్ధ తీసుకుంటే తగ్గే సమస్య. అశ్రద్ధ చేస్తే కాలేయంతోపాటు గుండెకూ ముప్పు తెచ్చే సమస్య.

ఫ్యాటీ లివర్ అంటే ఏమిటి?

కాలేయంలో 5 శాతానికి మించి కొవ్వు చేరితే ఫ్యాటీ లివర్ అంటారు. ఇది మద్యం తాగేవారికే వస్తుందనుకోవడం పొరపాటు. షుగర్, బీపీ, పొట్ట చుట్టూ కొవ్వు, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉన్నవారిలో, మద్యం ముట్టని స్త్రీలలో కూడా కనిపిస్తుంది. మన దేశంలో నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. 2021లో భారత ప్రభుత్వం ఈ జబ్బును కూడా షుగర్, గుండె జబ్బుల నివారణ కార్యక్రమంలో చేర్చింది.

ఇది పచ్చకామెర్ల జబ్బు కాదు. దీనికి పసరు మందు పోయించకండి. కొన్ని పసర్లు కాలేయాన్ని ఇంకా దెబ్బతీస్తాయి.

గుండెకు సంబంధం ఏమిటి?

కొవ్వు పట్టిన కాలేయం రక్తంలోకి ఎక్కువ ట్రైగ్లిజరైడ్లను వదులుతుంది. ఇన్సులిన్ సరిగా పనిచేయదు. రక్తనాళాల లోపలి గోడలు వాచి, కొవ్వు పేరుకుంటుంది. అందుకే ఫ్యాటీ లివర్ ఉన్నవారిలో కాలేయ జబ్బుతో చనిపోయేవారి కంటే గుండె జబ్బుతో చనిపోయేవారే ఎక్కువ.

మరి నిద్ర ఏం చేస్తుంది?

మంచి నిద్రలో బీపీ తగ్గి, గుండెకు కొంత విశ్రాంతి దొరుకుతుంది. నిద్ర చాలకపోతే ఆ విశ్రాంతి ఉండదు. ఆకలి పెంచే హార్మోను పెరుగుతుంది, కడుపు నిండిందని తెలిపే హార్మోను తగ్గుతుంది. దానితో తీపి, నూనె పదార్థాల మీదికి మనసు పోతుంది, బరువు పెరుగుతుంది. అంటే, ఫ్యాటీ లివర్ ఏ దారిన గుండెకు హాని చేస్తుందో, నిద్రలేమి కూడా ఆ దారినే నడుస్తుంది.

పెద్దవారికి రోజుకు 7 నుండి 9 గంటల నిద్ర అవసరం. 2022లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ గుండె ఆరోగ్యానికి అవసరమైన 8 అంశాలలో నిద్రను కూడా చేర్చింది. అలాగని నిద్ర ఒక్కటే గుండె జబ్బుకు కారణమని చెప్పలేము. రోజూ 9 గంటలకు మించి పడుకున్నా అలసట తీరకపోతే థైరాయిడ్ లోపం, మానసిక కుంగుబాటు, గురక జబ్బు వంటివి ఉన్నాయేమో చూపించుకోవాలి.

కుటుంబ సభ్యులు ఏం చేయాలి?

గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్ గనులలో షిఫ్టుల్లో పనిచేసేవారు, సిరిసిల్ల మరమగ్గాల మీద రాత్రి పని చేసేవారు, పొద్దుపోయేదాకా బీడీలు చుట్టి మళ్లీ కోడి కూయకముందే లేచే తల్లులు మన మధ్య ఎందరో ఉన్నారు. వారి నిద్రను కాపాడవలసింది ఇంట్లోవారే.

1. రాత్రి డ్యూటీ చేసి వచ్చినవారికి పగలు చీకటిగా, చల్లగా ఉండే గది ఇవ్వండి. టీవీ శబ్దం తగ్గించండి. పెళ్లి పిలుపులకు, బ్యాంకు పనులకు వారిని మధ్యలో లేపకండి.

2. ఇంటి పని అందరూ పంచుకోండి. తల్లికి కూడా 7 గంటల నిద్ర దొరకాలి.

3. రాత్రి భోజనం పడుకోవడానికి 2, 3 గంటల ముందే ముగించండి. అన్నం తగ్గించి, కూర, పప్పు పెంచండి. సాయంత్రం తర్వాత టీ వద్దు.

4. నిద్ర కోసం మద్యం, కల్లు ఇవ్వకండి. కొన్నిచోట్ల కల్లులో మత్తు మందులు కలుపుతారు. అటువంటి కల్లుకు అలవాటుపడినవారు ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావచ్చు. డాక్టరు సలహాతోనే మాన్పించండి. నిద్ర మాత్రలు సొంతంగా కొని వేయకండి.

5. రోజూ అరగంట వేగంగా నడిపించండి. బరువు ఎక్కువ ఉన్నవారు 80 కిలోల నుండి 76కు తగ్గినా కాలేయంలోని కొవ్వు తగ్గుతుంది.

వెంటనే చూపించవలసిన లక్షణాలు

పెద్దగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్లవడం, ఉలిక్కిపడి లేవడం, పగలంతా తూగడం — ఇవి నిద్రలో శ్వాస ఆగే జబ్బుకు గుర్తులు. ఈ సంగతి రోగికి తెలియదు, పక్కన పడుకున్న మీకే తెలుస్తుంది. డాక్టరుకు తప్పక చెప్పండి.

ఛాతీలో బరువు, ఎడమ చేతికి లేదా దవడకు పాకే నొప్పి, చెమటలు, ఆయాసం ఉంటే "గ్యాస్" అనుకుని సోడా తాగించి కూర్చోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

విశ్రాంతి సోమరితనం కాదు, అది దేవుడు మన శరీరానికి ఇచ్చిన ఔషధం. ఈ రాత్రి నుండే మీ ఇంట్లో ఎవరు ఎన్ని గంటలు నిద్రపోతున్నారో గమనించండి. వచ్చేసారి ఆసుపత్రికి వచ్చినప్పుడు స్కానింగ్ రిపోర్టుతోపాటు ఆ లెక్క కూడా డాక్టరుకు చెప్పండి. ప్రభువు మీ కుటుంబానికి సుఖనిద్రను, సంపూర్ణ ఆరోగ్యాన్ని దయచేయును గాక.